అమ్మ పట్టిన ఆరోగ్య రొట్టె

కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ మామూలుకొచ్చిందని డాక్టర్ చెప్పాకే దీన్ని రాయగలుగుతున్నాను. అంతకుముందు ఆ రాత్రి ఊసెత్తితే మాట మార్చేవాణ్ణి.

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు. బోరు ఎండిపోయాక అప్పు చేసి కువైట్ వచ్చాను. కాంక్రీటు పోసే ముందు ఇనుప కడ్డీలు కట్టే పని. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది. రేకుల షెడ్డు కింద కడ్డీలు వంచితే అది ఎండ కాదని మా ఫోర్‌మన్ వాదన. కళ్ళు తిరుగుతున్నాయంటే, సెలవు కోసం నాటకాలాడుతున్నానని అందరి ముందూ అన్నాడు. ఆ మనిషిని ఇప్పటికీ క్షమించలేదు.

ఒళ్ళు నొప్పులకు షాపులో నొప్పి బిళ్ళలిచ్చారు. ఆ రాత్రి తొడలు బిగుసుకుపోయాయి. బాత్రూమ్‌కి వెళితే మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఒంటిగంట. మన దగ్గర మూడున్నర. అమ్మను లేపితే తట్టుకోలేదని బావకు ఫోన్ చేశాను. అంతా విని, "ఇప్పుడొచ్చేస్తే వడ్డీ ఎవరు కడతారబ్బయ్యా?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నా అప్పుకు హామీ సంతకం పెట్టింది ఆయనే. అయినా ఆ మాట గుచ్చుకుంది. ఇంటి మీద బెంగతో ఏడ్చిన రాత్రులు అంతకుముందూ ఉన్నాయి. ఆ రాత్రి మాత్రం, నేను పంపే డబ్బు తప్ప నేనెవరికీ అక్కర్లేదేమో అనిపించింది.

పక్క మంచం కుర్రాడిది కనిగిరి. ఫ్లోరైడ్ నీళ్ళకు నడుం వంగిపోయిన తండ్రిని చూస్తూ పెరిగినవాడు, జబ్బుని తేలిగ్గా తీసుకోడు. నన్ను చూడగానే 112కు ఫోన్ చేశాడు. వాడి రుణం తీరేది కాదు.

ఎండదెబ్బకు కండరాలు దెబ్బతిని, ఆ వ్యర్థం కిడ్నీల్లో పేరుకుందని, నొప్పి బిళ్ళలు దానికి తోడయ్యాయని డాక్టర్ చెప్పాడు. డయాలసిస్ చేశారు. ఒక మలయాళీ నర్సమ్మ తన ఛార్జర్ తెచ్చిచ్చి, అమ్మతో వీడియో కాల్ కలిపింది. అమ్మ మాట్లాడలేదు, చూస్తూనే ఉంది.

ఆ జులైలోనే మొహర్రం, మా నెల్లూరులో రొట్టెల పండగ. కోరిక తీరినవాళ్ళు ఇచ్చే రొట్టెను, అదే కోరిక ఉన్నవాళ్ళు చెరువు నీళ్ళలో అందుకుంటారు, దాన్నే రొట్టె పట్టడం అంటాం. అమ్మ నెల్లూరు వెళ్ళి, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టింది. నేను కువైట్ పోవాలని విదేశీ రొట్టె పట్టిందీ అక్కడే. త్వరగా తీసుకురావడం వల్లే కిడ్నీలు కోలుకున్నాయని డాక్టర్ అంటాడు, రొట్టె వల్లేనని అమ్మ అంటుంది. నేను ఇద్దరినీ నమ్ముతాను.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు చెబుతున్నా. మూత్రం రంగు ముదిరితే తెల్లారేదాకా ఆగొద్దు. ఎండలో పనిచేసి నొప్పి బిళ్ళలు వేసుకోవద్దు, వేసుకుని ఉంటే డాక్టర్‌కు చెప్పండి. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకూ ఒక మాట. ఫోన్ వస్తే ముందు తిన్నావా అని అడగండి, వడ్డీ సంగతి తర్వాత.

నన్నిప్పుడు స్టోర్‌లోకి మార్చారు, జీతం కొంచెం తగ్గింది. కోరిక తీరింది కాబట్టి ఈ ఏడు అమ్మ రొట్టె వదలాలి, అంటే అక్కడే ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. నాకు సెలవు దొరకలేదు. బావే దగ్గరుండి తీసుకెళతానన్నాడు, సరేనన్నాను.