సీసపు నాణేల సొరుగు

ముసురు తెరిపిచ్చి ఎండ కాసింది. మ్యూజియంలో నాణేల బీరువా తెరవడానికి ఇలాంటి రోజే కావాలి. చినుకులు పడుతుండగా తెరిస్తే బయటి తేమంతా సొరుగుల్లో చేరుతుంది.

శాతవాహనుల నాణేల్లో సీసం, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిపిన మిశ్రలోహం) ఎక్కువ. తెలంగాణలోని పెద్దబంకూరు తవ్వకాల్లోనే ఇవి వేలల్లో బయటపడ్డాయి. సీసానికి అసలు శత్రువు చెక్క. టేకు బీరువా చూడ్డానికి గొప్పగానే ఉంటుంది గానీ, చెక్క, కొత్త ప్లైవుడ్, అట్టపెట్టెలు వదిలే ఆమ్లపు ఆవిరి మూసిన సొరుగులో పేరుకుని సీసాన్ని తినేస్తుంది. మొదట అంచున తెల్లగా బూజు పట్టినట్టుంటుంది. అది బూజు కాదు, సీసపు కార్బనేట్. లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైపొర ఉబ్బి రాలుతుంది. దాంతోపాటే ఏనుగు బొమ్మా, ఉజ్జయిని గుర్తూ (నాలుగు కొసల్లో నాలుగు వలయాలున్న అడ్డగీతల గుర్తు), బ్రాహ్మీ అక్షరాలూ పోతాయి.

ఆ పొడి విషం, నోటితో ఊదకూడదు. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, పొడి రాలుతున్న నాణేన్ని ముందు వేరుచేయాలి. సొరుగును తడిగుడ్డతో తుడవాలి. మిగిలినవాటిని ఒక్కో పాలిథీన్ జిప్ సంచిలో ఒక్కోటి పెట్టి ఇనుప బీరువాలోకి మార్చాలి. పీవీసీ కవర్లు వద్దే వద్దు, వాటి ఆవిరికి రాగి నాణేలు పచ్చగా చిలుము పడతాయి. సీసం మెత్తన, గోరు తగిలినా గీత పడుతుంది. అంచులు పట్టుకునే ఎత్తాలి.

చింతపండుతో తోమితే మెరుస్తాయని ఇప్పటికీ సలహా ఇస్తుంటారు. ఇత్తడి చెంబుకు సరే. రాగి నాణెంలో అక్షరం ఉండేది ఆ పైపొరలోనే, పులుపు దాన్నే కరిగిస్తుంది. సీసానికి వెనిగర్ అయితే మరీ చేటు.

వీటన్నిటికన్నా మనసు కలచివేసేది ఎక్కడ దొరికిందో రాసిన చీటీ లేని నాణెం. పెద్దవాగు గోదావరిలో కలిసే కోటిలింగాలలో దొరికాయని తెలియబట్టే ‘చిముక’ (శాతవాహన వంశ మూలపురుషుడిగా చెప్పే సిముకుడు) పేరున్న నాణేలకు అంత విలువ. గోబద, నారన, కంవాయ, సమగోప అనే పాలకులు మనకు తెలిసింది ఆ ఊరి నాణేల వల్లే. అందుకే ఊరు, సర్వే నంబరు, దొరికిన మట్టి పొర, వ్యాసం, గ్రాములో నూరో వంతు దాకా బరువు చీటీ మీద పెన్సిల్‌తో రాయాలి. ఇంకు పెన్ను సిరా తేమకు అలుక్కుపోతుంది. ఫొటోకు వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడితే అరిగిన అక్షరం కూడా తేలుతుంది.

పొలంలో నాణేలు దొరికినవాళ్లు కడగకుండా, మట్టితోనే ఉంచాలి. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. తీసిన చోట ఒక కర్ర పాతి, గుంట లోతు కొలిచి ఉంచితే ఇంకా మేలు.