కర్నూలు బియ్యం, అనంతపురం చెనక్కాయలు, జకార్తా వంట

కర్నూలులో రూమ్ తీసుకున్నాక ఆరు నెలలు రాత్రి పూట బండి మీది ఫ్రైడ్ రైసే తిన్నాను. ఇంట్లో చేసుకుందామని మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ అన్నం ముద్దయింది. పక్కన నిలబడి చెప్పేవాళ్లు కావాలనిపించి, అనంతపురంలో ఉన్న మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేశాను. బావ ఉద్యోగం వల్ల అక్క కొన్నేళ్లు ఇండోనేషియాలోని జకార్తాలో కాపురం చేసి వచ్చింది.

"శనివారం రారా. నీ బియ్యం నువ్వే తెచ్చుకో. రోజూ ఏ బియ్యం వండుతావో దాంతోనే నేర్చుకోవాల" అంది.

నవంబరు నెల. రెండు కిలోల సోనా బియ్యం సంచిలో పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. డోన్‌లో దిగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. చిన్నప్పటి నుంచీ తింటున్నాను కానీ, చేసేవాళ్ల చేతుల్ని ఎప్పుడూ గమనించలేదు. నానిన బొరుగుల్ని ఆ పెద్దామె రెండు చేతులా గట్టిగా పిండి, నీళ్లన్నీ కారిపోయాకే తాలింపులో వేసింది. ఎందుకమ్మా అంత గట్టిగా పిండుతావని అడిగితే, "నీళ్లుంటే ముద్దయిపోతాది నాయనా" అంది. నా మూడు ఓటముల సంగతీ ఆ మాటలోనే ఉందని అప్పుడు తెలియలేదు.

గుత్తి కోట దాటాక రోడ్డు పక్క పొలాల్లో పీకిన చెనక్కాయ చెట్లు కుప్పలుగా కనిపించాయి. కర్నూలులో మా వీధిలో వాటిని బుడ్డలంటాం. అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ఆటో ఎక్కి అక్కావాళ్లింటికి చేరేసరికి పన్నెండు దాటింది.

వెళ్లగానే ఫ్రైడ్ రైస్ చేయిస్తుందనుకున్నాను. అక్క నా చేత అన్నం మాత్రమే వండించింది. గ్లాసు బియ్యానికి నేను రోజూ రెండు గ్లాసుల నీళ్లు పోస్తాను. ఆ రోజు ఒకటిన్నరే పోయమంది. ఉడికిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టించింది. రాత్రంతా చల్లగా ఉంటే గింజలోని పిండి గట్టిపడి, వేయించేటప్పుడు మెతుకు మెతుకుకీ అంటుకోదట. అలాగని బయట గంటల తరబడి వదిలేయకూడదని గట్టిగా చెప్పింది. అలా వదిలేసిన అన్నంలో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ఈ ఒక్క సంగతి కోసమైనా నేను అంత దూరం వెళ్లడం మంచిదైంది.

సాయంత్రం గాడో గాడో చేశాం. ఉడికించిన కూరగాయలు, కోడిగుడ్డు, వాటి మీద పల్లీల సాస్. అక్క దగ్గర జకార్తా నుంచి తెచ్చుకున్న చోబెక్ ఉంది. పళ్లెంలా వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే రాతి రోలు అది. నూనెలో వేయించిన చెనక్కాయలు ఒక గ్లాసు, ఎండుమిరపకాయలు నాలుగు, వెల్లుల్లి రెండు రెబ్బలు, చిన్న నిమ్మకాయంత చింతపండు, బెల్లం ముక్క, ఉప్పు. అక్కడివాళ్లు తెరాసి అనే రొయ్యల ముద్ద కూడా వేస్తారట, మేము వేయలేదు. నూరుతుంటే వాసన తగిలి చెయ్యి ఆగిపోయింది. అది మా అవ్వ రోట్లో నూరిన ఊరిబిండి, అంటే చెనక్కాయల పచ్చడి వాసన. బెల్లం వల్ల రుచి వేరు, దారి మాత్రం ఒకటే. చెనక్కాయ, మిరపకాయ రెండూ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చిన పంటలు. మన సీమలోనూ, జకార్తా ఉన్న జావా దీవిలోనూ అవి చేరింది రాతి రోట్లోకే. ఆ ఆలోచన నన్ను చాలాసేపు వదల్లేదు. "చెయ్యి ఆపొద్దు, నూనె పైకి తేలాల" అని అక్క కేకేసింది. వేడి నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ, గరిటె నుంచి జారేంత పలుచన చేశాం. బావ చిక్కుడుకాయలకు అద్దుకుని తిని, రెండోసారి వడ్డించుకున్నాడు.

మర్నాడు పొద్దున నాసి గోరెంగ్. నాసి అంటే అన్నం, గోరెంగ్ అంటే వేయించింది. మనం మిగిలిన అన్నాన్ని చిత్రాన్నం చేసుకున్నట్టే వాళ్లు పొద్దున్నే దీన్ని చేసుకుంటారు. దానికి కావలసిన తియ్యటి సోయా సాస్, కెచప్ మానిస్, మా దగ్గర లేదు. మామూలు సోయా సాస్‌లో బెల్లం వేసి చిక్కబడేదాకా కాచాం. ఇనుప బాణలి బాగా కాలాక ఉల్లి, వెల్లుల్లి, మిరప నూరిన ముద్ద వేయించి, చల్లటి అన్నాన్ని వేళ్లతో విడదీసి వేశాను. "ఇద్దరికి సరిపడా మాత్రమే వెయ్. ఎక్కువేస్తే బాణలి చల్లబడి అన్నం ఆవిరికి మెత్తబడతాది" అంది అక్క. చిటపట చప్పుడు తగ్గకుండా చూసుకోవాలంది. సాస్‌లో ఉప్పుంటుంది కాబట్టి వేరే ఉప్పు చివర్లో, రుచి చూసి వేశాను.

మెతుకులు విడివిడిగా వచ్చాయి. పైన పొరటకుండా వేయించిన గుడ్డు పెట్టి పళ్లెం అక్కకి ఇచ్చాను. తిని, "ఉల్లి ఇంకొంచెం వేగాల. మిగతాదంతా బాగుందిరా" అంది.

ఆ రాత్రి కర్నూలు చేరేసరికి తొమ్మిదిన్నర. బండి దగ్గర ఆగకుండా రూమ్‌కి వెళ్లి, గ్లాసు బియ్యం కడిగి, ఒకటిన్నర గ్లాసు నీళ్లు కొలిచి పోసి, పొయ్యి వెలిగించాను.