మల్లికి రెప్పలొస్తున్నాయి

మల్లి మా ఆక్సొలాటల్, అంటే నీళ్లలోనే బతికే ఒక రకం సాలమాండర్ (కప్పల్లాంటి ఉభయచర జీవి). తెల్లటి ఒళ్లు, గులాబీ మొప్పలు, మూడేళ్ల వయసు. విజయనగరం ఎండల్లో దాని నీళ్లు 18 డిగ్రీలు దాటకుండా చూడడమే ఇన్నాళ్లూ నాకు పెద్ద పని. అందుకే చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కొన్నాను. ఇప్పుడు వేరే టెన్షన్ పట్టుకుంది.

మొదటి వారం: మొప్పల కుచ్చులు పలచబడ్డాయి. రూపవిక్రియేమోనని, అంటే నీటి రూపం వదిలి నేలమీద బతికే రూపానికి మారిపోతోందేమోనని గుండె గుభేలుమంది. కానీ నీళ్లు పాడైనా మొప్పలు తగ్గుతాయి, ముందు అదే చూడాలి. దాని విసర్జన వల్ల నీళ్లలో పేరుకునే వాటిని టెస్ట్ కిట్‌తో చూశాను. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ మాత్రం 60 పీపీఎం (పది లక్షల పాళ్లలో 60)! రోజు విడిచి రోజు ఐదో వంతు నీళ్లు మార్చాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ విరుగుడు కలిపి, చల్లబరిచాకే పోశాను.

మూడో వారం: నైట్రేట్ 20కి దిగింది, మొప్పలు మాత్రం కోలుకోలేదు. పైగా వీపు మీద నుంచి తోక దాకా ఉండే పలచటి పొర కుదించుకుపోతోంది. కళ్లు ఉబ్బి, కింద రెప్పలా ఒక మడత కనిపిస్తోంది. చర్మం పొరలు ఊడి నీళ్లలో తేలుతున్నాయి. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతోంది. "ఏట్రా, దానికి నీళ్లు సరిపడ్డం లేదా?" అంది అమ్మ. నీళ్లదే తప్పైతే రెప్పలు రావు. ఇది రూపవిక్రియేనని అప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

థైరాయిడ్ హార్మోన్ తక్కువ కావడం వల్ల ఈ జీవులు బతుకంతా పిల్లరూపంలోనే ఉండిపోతాయి. అరుదుగా కొన్ని మారతాయి. మెక్సికో నుంచి పారిస్‌కు తెచ్చినవాటి పిల్లలు అలా మొప్పలు పోగొట్టుకోవడం 1865లో దుమేరిల్ అనే శాస్త్రవేత్త చూశాడు. అయోడిన్ వేసి తొందరపెట్టేవాళ్లున్నారు. ప్రాణం మీదికొస్తుంది, దయచేసి వేయకండి.

నాలుగో వారం: గాలి కోసం పైకి రావడం దానికి సులువయ్యేలా నీటిమట్టం 30 సెంటీమీటర్ల నుంచి 12కు దించాను. చిల్లర్ పంపు గాలి పీల్చడం మొదలెట్టింది. పంపును పడుకోబెట్టి, ట్యాంకులో అడుగుకు ఆనించాక సర్దుకుంది. ఒక మూల నున్నటి రాళ్లతో వాలుగా గట్టు కట్టి, పైన తడి స్పాంజి పరిచాను. మూత బిగించడం మరవకూడదు, మల్లి ఎక్కి బయట పడగలదు. బరువు 96 గ్రాముల నుంచి 84కి తగ్గింది. ఈ దశలో తిండి మానేయడం మామూలేనని తెలిసినా చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. బలవంతంగా పెట్టలేదు, రోజు విడిచి రోజు వానపామును చూపించి, తినకపోతే తీసేశాను.

నేలమీది ఇల్లు కూడా సిద్ధం చేశాను. నర్సరీలో ఎరువు కలపని కొబ్బరిపొట్టు కొని, ఉప్పు పోయేలా మూడుసార్లు కడిగాను. పిండితే చుక్క కారనంత తడి చాలు. మొప్పలు పూర్తిగా పోయేదాకా అందులోకి మార్చను.

నిన్న రాత్రి తల గట్టు మీద పెట్టి పడుకుంది. చిన్న వానపాము అందిస్తే పదకొండు రోజుల తరువాత మొదటిసారి తీసుకుంది. మింగేటప్పుడు రెండు కళ్లూ లోపలికి పోయి, రెప్పలు మూసుకున్నాయి.