మూడో తరగతి పిల్లలకు చదవడం, రాయడం నేర్పడానికి ఏమేం సమకూర్చుకున్నాను

నల్లగొండ జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్)గా పనిచేస్తున్నాను. మూడో తరగతి నా చేతికి వచ్చేసరికి చాలామంది పిల్లలు అక్షరమాల గడగడా అప్పజెప్పేవాళ్ళు. గుణింతం పాటలా పాడేవాళ్ళు. కొందరైతే పుస్తకం మూసి పాఠం మొత్తం చెప్పేసేవాళ్ళు. అదే పాఠంలోంచి ఒక్క పదం తీసి బోర్డు మీద రాసి చదవమంటే మాత్రం గొంతు పెగిలేది కాదు. 2022లో మన రాష్ట్రంలో తొలిమెట్టు మొదలైంది, ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే ప్రభుత్వ కార్యక్రమం అది. శిక్షణకు వెళ్ళొచ్చాక, మా పిల్లలకు ఏ సామగ్రి కావాలో నేనే వెతుక్కోవాలని అర్థమైంది. అది ఎలా సమకూరిందో రాస్తున్నాను. ఇదే అవస్థలో ఉన్న టీచర్లకు పనికొస్తుందని ఆశ.

ముందు ఎవరు ఎక్కడున్నారో తెలియాలి. విద్యారంగంలో పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో పిల్లల చదువు పరీక్షించడానికి ఒక కాగితం వాడతారు. అందులో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. అంతే. వరండాలో కూర్చుని ఒక్కొక్కరినే పిలిచి చదివించాను. క్లాసులో నోరు విప్పని అమ్మాయి కథ అంతా తడబడకుండా చదివింది. అన్నిటికీ ముందుగా చెయ్యెత్తే పిల్లవాడు పదాల దగ్గరే ఆగిపోయాడు. తరగతి మొత్తానికి ఒకే పరీక్ష పెట్టి ఉంటే ఇద్దరి సంగతీ నాకు తెలిసేది కాదు.

ఆ పిల్లవాణ్ణి చూసే నాకు అసలు చిక్కు ఎక్కడుందో తెలిసింది. 'పలక' చదివాడు. 'పులి' దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ముడుస్తూ, పెదాలు కదుపుతూ 'ప, పా, పి, పీ, పు' అని లెక్కపెట్టుకుని, అప్పుడు 'పు' అన్నాడు. 'లి' కోసం మళ్ళీ 'ల, లా, లి'. పదం చివరికి చేరేసరికి మొదట ఏం చదివాడో మర్చిపోయాడు. గుణింతం రాక కాదు, వరసలో తప్ప విడిగా రాక. మన లిపిలో ఒక్కో హల్లుకు ఇన్ని గుర్తులు, వాటిపైన ఒత్తులు. అన్నీ ఒకేసారి మీద పడితే ఏ పిల్లవాడికైనా భయమేస్తుంది.

అందుకే అక్షర కార్డులు నేనే చేసుకున్నాను. పెళ్ళికార్డుల వెనక తెల్లగా ఉంటుంది, అట్ట కూడా గట్టిది. ఊళ్ళో అడిగితే సంచులకొద్దీ ఇచ్చారు. మొదట ల, క, త, ప, డ, గ లాంటి కొన్ని అక్షరాలే. వాటితో తల, కల, పలక, గడప, పడక. ప, వ చూడటానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి రెండూ ఒకే వారంలో ఇవ్వలేదు. తలకట్టు పదాలు ధారాళంగా వచ్చాక దీర్ఘం ఒక్కటే చేర్చాను: తాత, పాప, పాక. ఆ తర్వాత గుడి, తర్వాత కొమ్ము. కొమ్ము దగ్గర ఎక్కువ రోజులు ఆగాల్సి వచ్చింది. 'వు', 'మ' పక్కపక్కన రాసి చూడండి, పిల్లలు ఎందుకు తికమకపడతారో మీకే తెలుస్తుంది. ఒత్తుల్లో ద్విత్వాలు ముందు ఇచ్చాను. అమ్మ, అక్క, కుక్క, బువ్వ రోజూ వాళ్ళ నోట్లో నానే మాటలే కదా. సంయుక్తాక్షరాలు అన్నిటికంటే చివర.

కార్డుల తర్వాత చదవడానికి కథలు కావాలి. బడి లైబ్రరీ పెట్టెలో పుస్తకాలు ఉన్నాయి కానీ చాలావాటిలో పేజీ నిండా వాక్యాలే, అవి పెద్దపిల్లలకు. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిలుగా దొరుకుతాయి. ఉచితంగా దించుకోవచ్చు, జీరాక్స్ తీసి పంచుకోవచ్చు, మన పిల్లలకు తగ్గట్టు మార్చుకోవడానికి కూడా అనుమతి ఉంది. కాకపోతే మొదటి స్థాయి అన్నంత మాత్రాన మా పిల్లలకు సరిపోతుందని అనుకోలేం. ప్రతి కథా ముందు నేను చదివి, ఒత్తులు తక్కువున్నవి ఏరి పక్కన పెట్టుకున్నాను. 'మంచి పుస్తకం', నేషనల్ బుక్ ట్రస్ట్ అనే ప్రచురణ సంస్థల బొమ్మల పుస్తకాలు కొన్ని కొన్నాను. గదిలో దండెం కట్టి, క్లిప్పులతో పిల్లల చేతికి అందేటట్టు వేలాడదీశాను. బీరువాలో తాళం వేసి పెట్టిన పుస్తకం వల్ల ఎవరికీ చదువు రాదు.

అయితే వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది పిల్లల మాటలే. పొద్దున్నే ఒకరు ఇంటి దగ్గరి సంగతి ఏదైనా చెప్పాలి. ఒకరోజు ఒక పాప "టీచర్, మా మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. మచ్చలది లేస్తనే దుంకింది" అంది. చెప్పింది చెప్పినట్టే చార్టు మీద పెద్దక్షరాలతో రాశాను. అందరం వేలు పెట్టి చదివాం. తర్వాత వాక్యాలు విడివిడిగా కత్తిరించి కలిపేసి, వరసలో పేర్చమన్నాను. 'మచ్చలది' లో ఒత్తు ఉంది, అది ఇంకా నేర్పలేదు. అయినా దాని కోసం పోటీపడ్డారు. ఇంటి మాట రాస్తే భాష పాడవుతుందని ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోను. తన నోటి మాట బోర్డు మీద కనిపించిన పిల్లకే పుస్తకంలో మాట మీద ఆశ పుడుతుంది. పుస్తక భాష ఆ తర్వాత తప్పకుండా వస్తుంది, మా దగ్గర వచ్చింది కూడా.

రాత విషయంలో చూచిరాత బాగా తగ్గించాను. చూచిరాతలో చెయ్యి కదులుతుంది తప్ప మనసు కదలదు. రోజూ పలక మీద రెండు మూడు పదాలు ఉక్తలేఖనం, ఆపైన నోట్‌బుక్‌లో సొంతంగా ఒక్క వాక్యం. తప్పులుంటే ఎర్రసిరాతో కొట్టేయను, కింద సరైన రూపం రాసి ఇస్తాను. మర్నాడు తామే పోల్చి చూసుకుంటారు.

ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్ళకు రీడ్ అలాంగ్ యాప్ పెట్టించాను, పిల్లలు పైకి చదువుతుంటే విని సాయం చేసే గూగుల్ యాప్ అది. పుస్తకాలు ముందే దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. అమ్మానాన్నలకు చదువు రాని ఇళ్ళలో అది బాగా పనికొచ్చింది.

వేగం గురించి ఒక మాట. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యం ప్రకారం మూడో తరగతి చివరికి నిమిషానికి 60 పదాలు చదవాలి. తెలుగులో 'వెళ్ళిపోతున్నప్పుడు' ఒక్క పదమే. దాన్నీ 'తల'నీ ఒకేలా లెక్కపెడితే పిల్లలకు అన్యాయం జరుగుతుంది. నేను గడియారం చూసేది తక్కువ. చదివాక "ఏం జరిగింది?" అని అడుగుతాను. చెప్పగలిగితే చాలు.

కార్డుల సెట్టు ఇప్పుడు రెండో తరగతి టీచర్‌కు ఇచ్చాను. సంయుక్తాక్షరాలు కొద్దికొద్దిగా పరిచయం చేసే చిన్న కథలే సరిపడా దొరకడం లేదు. ప్రస్తుతానికి పిల్లల చేతే చెప్పించి, రాసి, కుట్టి పుస్తకాలు చేస్తున్నాం.