పక్కవాద్యం వినడానికి విశాఖ వెళ్లాను

విజయనగరంలో నాన్‌స్టాప్ బస్సు ఎక్కాక తగరపువలస, ఆనందపురం ఇట్టే దాటేశాం. మధురవాడ నుంచి హనుమంతవాక దాకా మాత్రం సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుడే. మద్దిలపాలెంలో దిగి ఆటో అడిగితే, పట్టుమని రెండు కిలోమీటర్లు లేని దూరానికి 150 రూపాయలట! ఆ డబ్బుతో మా ఊళ్లో కోట దగ్గర్నుంచి స్టేషన్‌కి ఎన్నిసార్లు తిరగొచ్చో. కచేరీకి వేళవుతోందని ఎక్కేశాను.

గాత్ర కచేరీయే అయినా, నేను వెళ్లింది పక్కన వయొలిన్ వాయించే కుర్రాడి కోసం. మిల్లు కార్మికుడి కొడుకు. నెల్లిమర్ల నుంచి సైకిల్ తొక్కుకుంటూ నా దగ్గరికి పాఠానికొచ్చేవాడు. కరపత్రంలో వాడి పేరు కళ్లజోడు పెట్టుకుని వెతుక్కోవాల్సినంత చిన్నగా వేశారు. మనసు చివుక్కుమంది. దానికి తోడు మైకుల వాళ్లు గాత్రాన్నీ మృదంగాన్నీ పెంచి వయొలిన్‌ని అణిచేశారు. మొదట పాడిన వర్ణమంతా వాడి కమాను, అదే వయొలిన్ వాయించే కర్ర, కదలడం కనబడిందే గాని వినబడలేదు. నేనే వెనక్కి వెళ్లి బతిమాలితే, ఆ తర్వాతి కీర్తన నుంచి కాస్త పెంచారు. పక్కవాద్యం అంటే అలంకారానికి కూర్చోబెట్టేది కాదు కదా!

గాయని ఖరహరప్రియ రాగం ఆలాపన ఎత్తుకున్నారు. పావుగంట పాడి, తారస్థాయి, అంటే పై స్థాయి, అంతా చుట్టి వచ్చి షడ్జంలో (‘స’లో) నిలిపారు. హాలంతా చప్పట్లు. ఇక వంతు వయొలిన్‌ది. ఇలాంటప్పుడు పక్కనున్నవాళ్లకు ఆ సంగతులన్నీ తిరగ వాయించి, పైన ఇంకో రెండు వేసి తామూ చప్పట్లు కొట్టించుకోవాలనిపిస్తుంది. మావాడు రిషభం (‘రి’) మీద మొదలెట్టాడు. కొస నుంచి మొదలు దాకా ఒకటే కమాను. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి బాణీ అంటే మా విజయనగరం వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆ నిండు కమానే. ఆయన 1936లో మా సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన శిష్యుల దగ్గరే మా గురువుగారు నేర్చుకున్నారు.

ఆ పొడవు కమాను నేను చెప్పిందే. కానీ నడుమ ఒత్తిడి తగ్గించి, నాదాన్ని సన్నబరిచి, తెగకుండా మళ్లీ నింపడం నేను నేర్పింది కాదు. నాకు రాదు. ఆడగొంతు సాధారణంగా అందుకోని మంద్రం, అంటే కింది స్థాయి, వయొలిన్ నాలుగో తీగలో ఉంటుంది. వాడు పై స్థాయి జోలికే పోకుండా అక్కడే తిరిగి, మూడు నాలుగు నిమిషాల్లో ముగించేశాడు. గాయని కళ్లు మూసుకుని విన్నారు. నాకు గొంతు పూడుకుపోయింది.

మంగళం అయ్యాక వేదిక వెనక్కి వెళ్లాను.

"ఏటి మాస్టారూ, బస్సులో వచ్చీసారా? ఒక్క ఫోన్ కొడితే బండి తెచ్చీవోణ్ని కదా!" అంటూ కాళ్లకు దండం పెట్టాడు.

"ఆలాపన అంత తొందరగా ఎందుకు వదిలీసేవురా?"

"పైనంతా ఆవిడ పాడీసేరు మాస్టారూ. కింద మిగిల్నాదే నాది."

బండి మీద ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దింపుతుంటే దారంతా ఆ కమాను గురించే అడిగాను. చూపుడువేలు కర్ర మీద ఎప్పుడు తేల్చాలో, మణికట్టు ఎక్కడ వదులు చెయ్యాలో బస్సు కదిలేదాకా కిటికీ పక్కన నిలబడి చెప్పాడు. మా ఊరి సిరిమాను పండగకి వస్తానన్నాడు. మా పిల్లలందర్నీ కూర్చోబెట్టి, ఆ పాఠం వాడి చేతే చెప్పిస్తాను.