బార్క్ ఇంటర్వ్యూకి నేను పట్టుకున్న ఒక్క లెక్క

గేట్ స్కోరు మీద బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఇంటర్వ్యూకి పిలుపొచ్చేసరికి మే నెల. గుంటూరు బ్రాడీపేటలో డాబా మీద గది నాది. న్యూక్లియర్ ఫిజిక్స్ మొత్తం తిరగేసే టైం లేదు. అందుకే ఒక్క ప్రశ్న పట్టుకున్నాను: 1 మెగావాట్ పూల్ రియాక్టర్‌లో, అంటే నీళ్ల కొలనులో ఇంధనం ముంచి నడిపే అణు రియాక్టర్‌లో, గామా కిరణాల శక్తి ఎంత పుడుతుంది? 1956లో ట్రాంబేలో మొదలైన అప్సర అలాంటిదే.

మొదటి మెట్టు తేలిక. ఒక్కో ఫిషన్‌కి (యురేనియం కేంద్రకం ఒకటి చీలడం) సుమారు 200 ఎంఈవీ (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) లెక్కన 1 మెగావాట్‌కి సెకనుకి 3.1×10¹⁶ ఫిషన్లు. ఒక్కోదానికి అప్పటికప్పుడు వెలువడే గామా దాదాపు 7 ఎంఈవీ. గుణిస్తే 35 కిలోవాట్లు. 200లో 7 అంటే మూడున్నర శాతం, సరిపోయింది. ఇలా సరిచూసుకోకుండా జవాబు చెప్పొద్దు.

విజయవాడలో ఒక సీనియర్ దగ్గర మాక్ ఇంటర్వ్యూలో ఇదే గబగబా చెప్పేశాను. "సరే తమ్ముడూ, రియాక్టర్ ఆపేస్తే గామా కూడా ఆగిపోతుందా?" అన్నారు. నోట మాట రాలేదు. ఫిషన్ ముక్కలు దాదాపు అంతే గామాని తర్వాత తీరిగ్గా వదులుతాయి. నీళ్లలోని హైడ్రోజన్ న్యూట్రాన్‌ని పట్టుకుంటే 2.22 ఎంఈవీ వేరే. ఆ రాత్రే నోట్సులో రెండు గళ్లు గీశాను: ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పుట్టింది.

అసలు తిప్పలు నైట్రోజన్-16తో. వేగంగా వచ్చే న్యూట్రాన్ నీళ్లలోని ఆక్సిజన్-16ని కొడితే అది పుడుతుంది. గామా 6.13 ఎంఈవీ, హాఫ్ లైఫ్ (ఉన్నదాంట్లో సగం తరిగిపోయే సమయం) 7.1 సెకన్లు. కోర్‌లో (ఇంధనం ఉండే చోట) ఉండిపోదు, నీళ్లతోపాటు పైపులోకి వచ్చేస్తుంది. మధ్యాహ్నం కుళాయి తిప్పితే ముందు పైపులో కాగిన నీళ్లు, కాసేపటికి తొట్టి చన్నీళ్లు వచ్చేవి. చెయ్యి కింద పెట్టి సెకన్లు లెక్కపెట్టాను. పైపులో పట్టే నీళ్లని ప్రవాహంతో భాగిస్తే ఆ ఆలస్యమే! అప్పుడు అర్థమైంది. నీళ్లని దారిలో 71 సెకన్లు ఆపితే పది హాఫ్ లైఫ్‌లు, మిగిలేది 1024లో ఒక వంతు. సెకనుకి 10 లీటర్లు పారుతుంటే, వచ్చిన నీళ్లు వచ్చిన వరసలోనే పోతే, 710 లీటర్ల తొట్టి చాలు.

ఇంటర్వ్యూలో ఇష్టమైన టాపిక్ అడిగితే ఇదే చెప్పాను. బోర్డు మీద ఆ పైపు గీయమన్నారు, గీశాను.

గాలిలోని ఆర్గాన్ నుంచి వచ్చే ఆర్గాన్-41కి హాఫ్ లైఫ్ 110 నిమిషాలు, గామా 1.29 ఎంఈవీ. దాన్ని కూడా ఇలాగే ఆపాలంటే ఎంత తొట్టి కావాలో ఈ రాత్రికి వేసి చూడండి.