నీట్ ఎండీఎస్‌కి క్యావిటీ ప్రిపరేషన్: నేను చదివిన పద్ధతి

డెంటల్ పీజీ ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్‌కి కన్జర్వేటివ్ (ఫిల్లింగ్‌లతో పంటిని కాపాడే సబ్జెక్ట్) అనగానే చాలామంది ఎండో (రూట్ కెనాల్ భాగం) మీద పడతారు. క్యావిటీ ప్రిపరేషన్‌ని, అంటే ఫిల్లింగ్ కోసం పంటిని చెక్కి సిద్ధం చేయడాన్ని మాత్రం "సెకండ్ ఇయర్ ప్రీక్లినికల్‌లో చేసేశాంగా" అని పక్కన పెట్టేస్తారు. 240 ప్రశ్నల పేపర్‌లో తప్పు సమాధానానికి ఒక మార్కు కోత ఉన్నప్పుడు, అర మిల్లీమీటర్ తేడాతో ఇచ్చే ఆప్షన్లే మనల్ని ముంచుతాయి. అంకెల్ని పట్టిక వేసుకుని బట్టీ పడితే సరిగ్గా ఆ టెన్షన్‌లోనే కలగాపులగం అవుతాయి. అందుకే ప్రతి అంకె దగ్గరా "ఇది ఏ మెటీరియల్ కోసం?" అని అడుగుతూ చదివాను.

అమాల్గమ్‌నే (వెండి రంగు లోహపు ఫిల్లింగ్) తీసుకోండి. నొక్కితే తట్టుకుంటుంది, పల్చగా ఉంటే విరుగుతుంది. 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల లోతు అందుకే. అంచు దగ్గర 90 డిగ్రీలు కూడా అందుకే: క్యావోసర్ఫేస్ కోణం (క్యావిటీ గోడ, పంటి పైతలం కలిసే కోణం) పెరిగితే అమాల్గమ్ అంచు పల్చబడి విరుగుతుంది, తగ్గితే కింద డెంటిన్ (పంటి లోపలి పొర) ఆధారం లేని ఎనామెల్ (పైపొర) రాలిపోతుంది. పంటికి తనంతట తాను అతుక్కోదు కాబట్టి గోడలు పైకి వచ్చేకొద్దీ దగ్గరవ్వాలి. ఇన్‌లే అనే ఫిల్లింగ్ బయట తయారై లోపల కూర్చోవాలి, కాబట్టి గోడలు పైకి 2 నుంచి 5 డిగ్రీలు విచ్చుకోవాలి. ఇన్‌లేకి వాడే బంగారం పల్చని అంచులోనూ విరగదు, కాబట్టి దానికి బెవెల్ (ఏటవాలు అంచు) ఇస్తాం. కాంపోజిట్ (పంటి రంగు రెజిన్) పంటికి బాండ్ అవుతుంది కనక క్యారీస్ (పుచ్చు) ఎంత ఉంటే అంతే తీస్తే చాలు. దాని బాధ వేరే, ష్రింకేజ్, అంటే గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం. సి-ఫ్యాక్టర్ (బాండ్ అయిన గోడలకీ, కాని వాటికీ నిష్పత్తి) క్లాస్ వన్‌లో (నమిలే తలం గుంటల్లోని క్యావిటీ) 5 దాకా ఎందుకు పోతుందో, క్లాస్ ఫోర్‌లో (ముందు పంటి మూలతో కలిసిన క్యావిటీ) ఎందుకు తక్కువో బొమ్మ వేసి ఎన్ని గోడలు బాండ్ అయ్యాయో లెక్కపెట్టుకోండి. మళ్లీ మర్చిపోరు.

చదివే టేబుల్ మీద పాత 245 బర్ (పంటిని చెక్కే డ్రిల్ ముక్క) ఒకటి పెట్టుకున్నాను. తల పొడవు 3 మిల్లీమీటర్లు, వ్యాసం 0.8. సగం తల మునిగితే 1.5 అన్నమాట. పల్పల్ ఫ్లోర్ (క్యావిటీ అడుగు) లోతు, ఇస్త్మస్ (క్యావిటీలో ఇరుకైన చోటు) వెడల్పు లాంటివి చదువుతున్నప్పుడల్లా దాన్ని పట్టుకుని చూస్తే అంకె కళ్లకు కడుతుంది. హాస్టల్ రూమ్‌మేట్ నవ్వుకుంది, ఆమె ఈఎన్‌టీ పీజీ, ఆమెకేం తెలుసు!

నాకు బాగా నచ్చిన ప్రశ్న జింజైవల్ బెవెల్ (చిగుళ్ల వైపు అంచుకి ఇచ్చే ఏటవాలు) మీద. శాశ్వత దంతాల్లో సర్వైకల్ (పంటి మెడ) దగ్గర ఎనామెల్ రాడ్లు కొంచెం వేరు వైపు వంగి ఉంటాయి, బెవెల్ ఇవ్వకపోతే అంచున ఆధారం లేని రాడ్లు మిగులుతాయి. పాలపళ్లలో అవి ఆక్లూజల్ (నమిలే తలం) వైపు వంగి ఉంటాయి, బెవెల్ అక్కర్లేదు. పీడో (పిల్లల దంతవైద్యం) నుంచి అడిగినా, కన్జర్వేటివ్ నుంచి అడిగినా జవాబు ఒకటే.

కస్ప్ క్యాపింగ్‌కి (పంటి మొనను ఫిల్లింగ్‌తో కప్పడానికి) మాత్రం షార్ట్‌కట్ ఏమీ లేదు, గుర్తుపెట్టుకోవాల్సిందే: ప్రైమరీ గ్రూవ్ (పంటి మీది ప్రధాన గాడి) నుంచి కస్ప్ కొన వరకు సగం దూరం పోతే ఆలోచించాలి, మూడింట రెండు వంతులు పోతే తప్పనిసరి.

క్యావిటీలను వర్గీకరించిన దంతవైద్యుడు జి.వి. బ్లాక్ గారి పాత సూత్రాలూ, ఇప్పటి మినిమల్లీ ఇన్వేసివ్ (వీలైనంత తక్కువ చెక్కే) పద్ధతీ ఒకే పేపర్‌లో పక్కపక్కనే వస్తాయి. "ఎక్స్‌టెన్షన్ ఫర్ ప్రివెన్షన్" (మళ్లీ పుచ్చకుండా క్యావిటీని ముందే పెంచడం) ఆయన మాట. క్యావిటీ వర్గాల్లో క్లాస్ వన్ నుంచి ఫైవ్ దాకా ఆయనవే, సిక్స్ తర్వాత చేరింది. స్టెమ్‌లో (ప్రశ్న వాక్యంలో) ఎవరి లెక్క అడిగారో చూసుకుని ఆప్షన్ పెట్టండి. మిగిలిన ఇన్‌ఫెక్టెడ్ డెంటిన్‌ని తీయడం ప్రిపరేషన్ ఇనీషియల్ స్టేజ్‌లోనా, ఫైనల్‌లోనా అని అడిగితే ఫైనల్.